ఆవిరి యంత్రాలు, హత్యలు, ప్రేమలు: స్టీమ్‌పంక్ నవలలు ఎక్కడ మొదలుపెట్టాలి?

వేపచెట్టునీడ
అందరికీ నమస్కారం. నేను ఎక్కువగా అపరాధ పరిశోధన నవలలు చదువుతాను, మధ్యమధ్య ప్రేమకథలు. ఈ మధ్య ఏ పుస్తకాల సైటు తెరిచినా స్టీమ్‌పంక్ అట్టలే ఎదురవుతున్నాయి. ఇత్తడి పళ్లచక్రాలు, తోలు కోట్లు, నుదుటి మీదికి ఎత్తి పెట్టుకున్న గాగుల్స్, వెనక ఆకాశంలో పొగ కక్కుతూ ఓడ. చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి. లోపల కథ ఉంటుందా, అట్టతోనే సరిపెడతారా అన్నదే నా సందేహం.

నాకు కావలసింది ఒక చిక్కుముడి, ఒక ప్రేమ, కొంత సాహసం. మూడూ ఒకే పుస్తకంలో ఉండాలి. ఇంగ్లీషులో చదవగలను, కానీ పేజీకి నాలుగుసార్లు నిఘంటువు తీయించేది వద్దు. చదివినవాళ్లు చెప్పండి.

పుటలపురుగు
స్వాగతం అండి. ముందు కొంచెం పూర్వకథ. ఈ పేరు పెట్టింది కె. డబ్ల్యూ. జీటర్ అనే అమెరికన్ రచయిత, 1987లో లోకస్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకు రాసిన ఒక ఉత్తరంలో. ఆయన, టిమ్ పవర్స్, జేమ్స్ బ్లేలాక్ మిత్రులు. కాలిఫోర్నియాలో కూర్చుని విక్టోరియా రాణి నాటి లండన్ గురించి రాస్తున్నారు. అప్పట్లో సైబర్‌పంక్, అంటే కంప్యూటర్ల చుట్టూ తిరిగే భవిష్యత్తు కథలు, మంచి ఊపు మీద ఉంది కదా, మా రాతలకూ ఒక పేరు ఉండాలని సగం వేళాకోళంగా తగిలించిన పేరు ఇది. వేళాకోళం పోయింది, పేరు నిలిచింది.

పెట్రోలు ఇంజను, ట్రాన్సిస్టరు రాకుండా ఆవిరితోనే, పళ్లచక్రాలతోనే లోకం ఇంకో దారి పట్టి ఉంటే ఎలా ఉండేదన్నది ఇక్కడి ఆట. ఆ ప్రశ్నను అందరికన్నా గట్టిగా పట్టుకున్నది గిబ్సన్, స్టెర్లింగ్ కలిసి రాసిన ‘ది డిఫరెన్స్ ఇంజిన్’ (1990). అందులో పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు గణితవేత్త చార్లెస్ బాబేజ్ గణన యంత్రం నిజంగానే పూర్తయింది. 1855 నాటి లండన్‌లో ప్రభుత్వం పౌరుల వివరాలన్నీ చిల్లులు పొడిచిన అట్టముక్కల్లో దాచుకుంటుంది. కవి బైరన్ ప్రధానమంత్రి! గొప్ప పుస్తకమే, కానీ మీరు దానితో మొదలుపెట్టవద్దు. ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురి వెంట తిరుగుతుంది. చిక్కుముడి విడిపోయే వేళకు అసలు ముడి ఏమిటో మరచిపోతాం. ఇక ప్రేమ సంగతి అడగకండి.

ఉత్తరగాలి
బాబేజ్ మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. లండన్ సైన్స్ మ్యూజియంలో ఆ యంత్రం ఉంది. 1847, 1849 మధ్య ఆయన గీసిన రెండో నమూనా ప్రకారం చేసినది. ఆయన బతికుండగా ఒక్కటీ పూర్తి కాలేదు. మొదటి యంత్రం మీద ప్రభుత్వం 17,000 పౌండ్లకు పైగా పోసి, 1842లో చేతులెత్తేసింది. ఆయన పుట్టిన రెండు వందల ఏళ్లకు, 1991లో, మ్యూజియం వాళ్లు లెక్క కట్టే భాగం తయారు చేశారు. అచ్చు వేసే భాగం 2002 నాటికి సిద్ధమైంది. మొత్తం ఎనిమిది వేల భాగాలు, అయిదు టన్నుల బరువు.

ఇక్కడ ఉద్యోగానికి వచ్చాక చూడటానికి వెళ్లాను. అంకెలు చెక్కిన చక్రాలు ఒకదానిపై ఒకటి పేర్చిన నిలువు స్తంభాలు. అది పనిచేస్తుండగా తీసిన వీడియోలు కూడా ఉన్నాయి. పిడి తిప్పితే వెనకవైపున్న చిన్న చేతులు మెలికలు తిరుగుతూ కింది నుంచి పైకి ఒక అలలా కదులుతాయి. కూడికలో మనం ‘చేతిలో ఒకటి’ అంటామే, ఆ ఒకటిని పక్క స్థానానికి అందించే చేతులన్నమాట!

తమాషా ఏమిటంటే దానిలో ఆవిరి లేదు. మనిషే తిప్పాలి. 1821లో ఖగోళ పట్టికల్లో తప్పులు వెతుకుతూ విసిగిపోయి, ఈ లెక్కలన్నీ ఆవిరితో జరిగితే ఎంత బాగుండునని అన్నానని బాబేజే చెప్పుకున్నాడు. ఒక రకంగా ఈ నవలలన్నీ ఆ విసుగులోంచి పుట్టినవే.

యుగంధర్_అభిమాని
చరిత్ర బాగుంది, కానీ ఆవిడ అడిగింది చిక్కుముడి.

కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌ను చదువుతూ పెరిగినవాడిని. నాది ఒక్కటే సూత్రం: డిటెక్టివుకు తెలిసినది పాఠకుడికీ తెలియాలి. స్టీమ్‌పంక్ రచయితల్లో చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. తలుపు లోపల గడియ పెట్టిన గదిలో శవం ఉంటుంది. మూడు వందల పేజీలు మనం బుర్ర బద్దలు కొట్టుకుంటాం. చివరి అధ్యాయంలో గోడలోంచి ఇత్తడి సాలీడు దిగి వచ్చి హత్య చేసి వెళ్లిందని తెలుస్తుంది. ఆ సాలీడు ఉందని మొదటి యాభై పేజీల్లో ఎక్కడా చెప్పరు. దీన్ని నేను మోసం అంటాను.

ఈ దోషం లేనివి పి. జెలీ క్లార్క్ రాసిన కైరో కథలు. ఫాత్మా అనే యువతి పరిశోధకురాలు. ఇంగ్లీషు సూటు, బౌలర్ టోపీ, చేతికర్ర. కాలం 1912. ఈజిప్టు బ్రిటిష్ వాళ్లను ఎప్పుడో వెళ్లగొట్టేసింది. ఎందుకంటే కొన్ని దశాబ్దాల ముందు అల్ జాహిజ్ అనే ఒక మర్మయోగి లోకాల మధ్య తెర చింపాడు, జిన్నులు తిరిగి వచ్చి జనంలో కలిసిపోయాయి. ఆకాశంలో ట్రాములు, ఇళ్లలో మరమనుషులు. జిన్నులకు ఏది సాధ్యం, ఏది కాదు అన్నది ముందే చెబుతాడు, ఆ హద్దుల్లోనే హత్య జరుగుతుంది.

‘ఎ డెడ్ జిన్ ఇన్ కైరో’ (2016) చిన్నది, ఒక్క పూటలో అయిపోతుంది, అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. నచ్చితే ‘ఎ మాస్టర్ ఆఫ్ జిన్’ (2021) నవల చదవండి, దానికి సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే నెబ్యులా పురస్కారం వచ్చింది.

కలంకారి
యుగంధర్ గారు మూడో షరతును హాయిగా వదిలేశారు. ప్రేమ!

ఫాత్మా కథల్లో సితి ఉంది. చీకట్లో వచ్చి చీకట్లో వెళ్లే మనిషి. ఆమెకూ ఫాత్మాకూ మధ్య ఉన్నది చెప్పకనే తెలుస్తుంటుంది, నవల దాకా వచ్చేసరికి దర్యాప్తునే మలుపు తిప్పుతుంది. అయినా అక్కడ ప్రేమ పక్కవాద్యమే. అదే ప్రధానంగా కావాలంటే నా దగ్గర రెండు పేర్లు ఉన్నాయి.

మొదటిది గెయిల్ కారిగర్ ‘సోల్‌లెస్’ (2009). విక్టోరియా నాటి లండన్‌లో రక్తపిశాచులు, తోడేలు మనుషులు పెద్దమనుషుల్లా చలామణీ అవుతుంటారు, వాళ్లకు ఒక ప్రభుత్వ శాఖ కూడా ఉంది. అలెక్సియా తారబొత్తి అనే పెళ్లికాని అమ్మాయికి ఆత్మ లేదు. ఆమె తాకితే ఎదుటివాడి అతీతశక్తి చప్పగా చల్లారిపోతుంది. ఒక విందులో తిండి సరిగా లేదని విసుక్కుని గ్రంథాలయంలోకి పోయి టీ తెప్పించుకుంటే, ఎవరూ పరిచయం చేయని ఒక రక్తపిశాచి వచ్చి మెడ మీద పడతాడు. ఆమెకు కోపం వచ్చింది ప్రాణభయంతో కాదు, వాడి మర్యాద లేనితనానికి! చేతిలో గొడుగు ఉంది, ఇక చూసుకోండి. దర్యాప్తుకు వచ్చిన లార్డ్ మాకన్‌కూ ఆమెకూ మొదలయ్యే కయ్యమే ప్రేమకథ. యంత్రాలు తక్కువ, హాస్యం ఎక్కువ.

రెండోది మెల్జీన్ బ్రూక్ ‘ది ఐరన్ డ్యూక్’ (2010). ఇది బరువైనది. రెండు వందల ఏళ్లు ఇంగ్లండు తూర్పు నుంచి వచ్చిన హోర్డ్ అనే మంగోలు దండు చేతిలో ఉంది. తేయాకులో, చక్కెరలో కంటికి కనబడని యంత్రాలను కలిపి జనం ఒళ్లలోకి ఎక్కించారు. ఒక గోపురం నుంచి వచ్చే సంకేతాలతో మనుషుల కోపాన్నీ కోరికనూ అదుపులో పెట్టారు. ఆ గోపురాన్ని కూల్చిన వీరుడి ఇంటి ముందు, ఆకాశంలో పోయే గాలి ఓడ నుంచి ఒక శవం పడుతుంది. దర్యాప్తుకు వచ్చే ఇన్‌స్పెక్టరు మినా వెంట్‌వర్త్ ముఖంలో హోర్డ్ పోలికలు ఉన్నాయి. అందుకు వీధిలో జనం ఆమెను అసహ్యించుకుంటారు. వేపచెట్టునీడ గారి మూడు షరతులకూ సరిపోయేది ఇదే. ఒక హెచ్చరిక మాత్రం: పెద్దల పుస్తకం, నాయకుడి ప్రవర్తన బలవంతానికి దగ్గరగా పోయే ఘట్టం ఒకటి ఉంది. ఆ ఒక్కచోట నేను రచయిత్రిని క్షమించలేదు.

యుగంధర్_అభిమాని
పుస్తకంలో శవం పడగానే దర్యాప్తు ఆగి చూపులు మొదలవుతాయని విన్నాను.

కలంకారి
వినడం కాదు, చదవండి. శవం ఎవరిదో తేల్చుకోవడానికే వాళ్లు కలిసి గాలి ఓడ ఎక్కుతారు. ఎవరి దేహంలో ఏ యంత్రం ఉంది, దాన్ని ఎవరు నడుపుతున్నారు అన్నదే నేరంలోనూ ఉన్న ప్రశ్న, ప్రేమలోనూ ఉన్న ప్రశ్న. తన కోరిక తనదేనా, ఎవరో మీట నొక్కితే పుట్టినదా అని సందేహించే మనిషి ప్రేమలో పడటం ఎంత కష్టమో ఊహించండి. ప్రేమ పక్కన పెట్టి చిక్కుముడి విప్పుదామంటే ఆ నవలలో కుదరదు.

బొగ్గుపొడి
గాలి ఓడల మాట వచ్చింది, ఇక నేను ఊరుకోలేను.

మా నాన్నగారు బిట్రగుంట రైలు ఇంజన్ల షెడ్డులో ఫైర్‌మన్, అంటే ఇంజనులో బొగ్గు వేసేవారు. ఆవిరి ఇంజను అంటే ఇంట్లో అందరికీ తెలిసినది ఆయన ముంజేతుల మీది కాలిన మచ్చలు. ఈ నవలల్లో నాయకుడు తెల్ల చొక్కా వేసుకుని మీట లాగుతాడు, ఓడ లేస్తుంది. బొగ్గు ఎవరు వేశారు? బూడిద ఎవరు ఎత్తారు? నీళ్లు ఎక్కడ పట్టారు? ఆవిరి బండికి బొగ్గుకన్నా నీళ్లది పెద్ద బెంగ. గేజ్ గ్లాసులో మట్టం చూస్తూనే ఉండాలి. నీళ్లు తగ్గి ఫైర్‌బాక్సు పైకప్పు బయటపడితే ఆ రేకు ఎర్రగా కాలి మెత్తబడుతుంది, మీద ఉన్న ఆవిరి ఒత్తిడికి లోపలికి కుంగి బాయిలరే పేలిపోతుంది. అలా కాకుండా ఆ పైకప్పులో సీసం నింపిన ప్లగ్గు ఉంటుంది. నీళ్లు తగ్గితే ముందు సీసం కరుగుతుంది, ఆవిరి బుస్సుమని మంట మీదికి దూకుతుంది. ప్లగ్గు కరిగించుకున్న సిబ్బందికి షెడ్డులో తలవంపులు, పైన విచారణ.

నిజంగా ఆవిరితో గాలిలో ఎగిరినవాడు ఒకడున్నాడు. ఆన్రీ జిఫార్, ఫ్రాన్సు, 1852 సెప్టెంబరు 24. నలభై నాలుగు మీటర్ల పొడవు బుడగ, నిండా హైడ్రోజన్. దాని కింద మూడు అశ్వశక్తుల ఇంజను, దానికొక బొగ్గు పొయ్యి. హైడ్రోజన్ కింద నిప్పు! అందుకని పొగగొట్టాన్ని కిందికి తిప్పి పెట్టాడు. పారిస్ నుంచి 27 కిలోమీటర్లు పోయాడు, ఎదురుగాలికి వెనక్కి మాత్రం రాలేకపోయాడు. ఏ నవలలోనూ ఇంత సాహసం నాకు దొరకలేదు. ఈ రచయితలు దీన్ని వదిలేసి గాగుల్స్ వెంట పడతారెందుకో.

పుటలపురుగు
బొగ్గుపొడి గారూ, మీకోసం ఒకటి ఉంది. స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ ‘లెవయథన్’ (2009). 1914, మొదటి ప్రపంచ యుద్ధం. ఒక పక్షానిది యంత్ర బలం, ఇంకో పక్షం జీవులను మలిచి వాడుకుంటుంది. బ్రిటిష్ గాలి ఓడ ఒక తిమింగలం. దాని పొట్టలోని సూక్ష్మజీవులే హైడ్రోజన్ తయారు చేస్తాయి. అందుకే ఓడలో నిప్పు విషయంలో ప్రాణం పోయేంత జాగ్రత్త. మగవేషం వేసుకుని వైమానిక దళంలో చేరిన డెరిన్ ఒకవైపు, ఆస్ట్రియా యువరాజు కొడుకు అలెక్ ఇంకోవైపు. యువపాఠకుల పుస్తకమే కానీ ఓడలో పని ఎవరు చేస్తారో పేజీపేజీకీ కనిపిస్తుంది. ప్రేమ తేలేది మూడో పుస్తకంలో.

రాతిరథం
అందరూ ఒక సంగతిని దాటవేస్తున్నారు. విక్టోరియా నాటి లండన్ మెరుపులన్నీ ఎవరి సొమ్ము? ఆ గొడుగులు, టీ కప్పులు, ఇత్తడి తొడుగులు. టీలో యంత్రాలు కలిపి ఇంగ్లండును లొంగదీశారని ఒక ఆంగ్ల నవల ఊహించుకుంటుంటే నాకు నవ్వు వస్తుంది. మన దేశంలో తేయాకు తోటల కూలీలకు అంత ఊహ అక్కరలేదు.

ఈ తరహా కథలకు తాతగారు జూల్ వెర్న్. కెప్టెన్ నెమో ఎవరో గుర్తుందా? ‘ది మిస్టీరియస్ ఐలండ్’ (1875)లో బయటపడుతుంది. బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్, టిప్పు సుల్తాన్‌కు బంధువు, 1857లో పోరాడి సర్వం పోగొట్టుకున్నవాడు. నిజానికి వెర్న్ మొదట అతణ్ణి రష్యా మీద పగబట్టిన పోలండు ప్రభువుగా అనుకున్నాడు. రష్యాలో పుస్తకాలు అమ్ముడుపోవని ప్రచురణకర్త ఎట్సెల్ ఒప్పుకోలేదు. వ్యాపారం ధర్మమా అని మనకొక నాయకుడు దొరికాడు.

అదే వెర్న్ 1880లో ‘ది స్టీమ్ హౌస్’ రాశాడు. ఉక్కుతో చేసిన ఆవిరి ఏనుగు. తొండంలోంచి పొగ. వెనక రెండు బంగళాలను లాక్కుంటూ కలకత్తా నుంచి హిమాలయాల దిక్కుగా పోతుంది. ఈసారి 1857 వీరుడు నానా సాహెబ్ విలన్, కాన్పూర్‌లో భార్యను పోగొట్టుకున్న ఇంగ్లీషు కర్నలు నాయకుడు. ఒకే రచయిత, ఒకే తిరుగుబాటు, అయిదేళ్ల తేడాలో రెండు చూపులు. చివరికి ఏనుగు బాయిలరు పేలుతుంది.

నిర్వాహకుడు
ముగింపులు చెప్పేటప్పుడు ముందుగా హెచ్చరించాలన్నది ఈ వేదిక నియమం.

రాతిరథం
పుస్తకం వచ్చి నూట నలభై ఏళ్లు దాటింది నిర్వాహకుల వారూ. అయినా శిరసావహిస్తాను.

పుటలపురుగు
రాతిరథం గారి మాట నిజమే కానీ, ఈ ప్రశ్నను ఆ రచయితలెవరూ వేసుకోలేదంటే ఒప్పుకోను. స్టీమ్‌పంక్ అనే పేరు కూడా లేని రోజుల్లో, 1971లో, మైకేల్ మూర్‌కాక్ ‘ది వార్‌లార్డ్ ఆఫ్ ది ఎయిర్’ రాశాడు. 1902 నాటి బ్రిటిష్ సైనికాధికారి ఒకడు 1973లో తేలుతాడు. సామ్రాజ్యాలు ఇంకా నడుస్తున్నాయి, ఆకాశం నిండా గాలి ఓడలు, వీధులు శుభ్రం. ఆహా స్వర్గం అనుకుంటాడు. ఆ స్వర్గానికి కూలి ఎవరు కడుతున్నారో మెల్లగా తెలిసివస్తుంది. నిసి షాల్ ‘ఎవర్‌ఫేర్’ (2016) బెల్జియం రాజు లియోపోల్డ్ కాంగోను పీల్చి పిప్పి చేసిన రోజుల మీద నిలబడిన నవల. ఆవిరి యంత్రాలు అక్కడి జనం చేతికి వస్తే ఏమయ్యేదన్నది దాని ఊహ. క్లార్క్ కైరో సరేసరి.

కలంకారి
ఇంతమంది పేర్లు చెప్పారు, మన పక్కనే ఉన్నదాన్ని ఎవరూ తలవలేదు. బెంగాల్‌కు చెందిన రోకియా సఖావత్ హుసేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ అచ్చయింది మద్రాసులోనే, 1905లో, కమలా సత్తియనాథన్ నడిపిన ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో. అందులో ఆడవాళ్ల రాజ్యంలో మగవాళ్లు ఇళ్లలో పరదా చాటున ఉంటారు. స్త్రీల విశ్వవిద్యాలయాలు మబ్బుల నుంచి నీటిని పట్టుకుంటాయి, ఎండ వేడిని పోగుచేసి దాచుకుంటాయి. శత్రువు దండెత్తి వస్తే ఆ దాచిన ఎండను వాళ్ల మీదికి తిప్పుతారు. ఎగిరే బళ్లు ఉన్నాయి. పొగగొట్టం లేదు, అది చూసుకుని స్టీమ్‌పంక్ కాదనేవాళ్లు ఉండవచ్చు. నా లెక్కలో అదే అసలైనది. యంత్రం ఎవరి చేతిలో ఉంటే లోకం వాళ్లది అన్న ముక్కను అన్ని నవలలకన్నా ముందు, కొన్ని పేజీల్లో చెప్పేసింది.

తెలుగులో వీరేశలింగం గారి ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ ఇంకా ముందుది. ఆడుమళయాళంలో స్త్రీలదే రాజ్యం, మగవాళ్లు మన ఆడవాళ్లు పడే పాట్లన్నీ పడుతుంటారు. యంత్రాలు లేవు కానీ సాహసయాత్ర ఉంది, వెక్కిరింత ఉంది. రెండూ ఒకే వారంలో చదివి చూడండి.

వేపచెట్టునీడ
ఇంత ఆదరంగా రాసిన అందరికీ ధన్యవాదాలు. ‘ఎ డెడ్ జిన్ ఇన్ కైరో’ నిన్న పూర్తి చేశాను, ‘సోల్‌లెస్’ సగం అయింది.

కైరో కథలో ఊరు నచ్చింది. ఫాత్మా సూటు వేసుకోవడం ఒక ముచ్చటగా మొదలై, అది ఆమె పట్టుదల అని తర్వాత తెలుస్తుంది. అయితే యుగంధర్ గారూ, మీరు చెప్పినంత న్యాయంగా ఆధారాలు ఇవ్వలేదు. చివరి పరుగు మొదలయ్యాక దర్యాప్తు అయిపోయి పోరాటం మిగిలింది. అలెక్సియా మాత్రం నన్ను పకపకా నవ్విస్తోంది. లార్డ్ మాకన్‌తో ఆమె పోట్లాట చదువుతుంటే మన పాత సినిమాల్లో నాయికా నాయకుల తగవులు గుర్తొస్తున్నాయి. కానీ యంత్రాలు తీసేసినా ఆ కథ నడిచిపోతుంది కదా? బొగ్గుపొడి గారు చెప్పిన సీసం ప్లగ్గు నాకు రెండు పుస్తకాలకన్నా ఎక్కువ గుర్తుండిపోయింది.

యుగంధర్_అభిమాని
చిన్న కథకు ఆ మాత్రం రాయితీ ఇవ్వండి. నవలలో అల్ జాహిజ్‌ను నేనే అంటూ బంగారు ముసుగు వేసుకుని ఒకడు వస్తాడు. ఆ ముసుగు వెనక ఎవరన్నది న్యాయంగానే నడుస్తుంది, కాకపోతే నేను సగంలోనే పట్టేశాను.

గోదావరిగట్టు
ఇన్ని రోజులూ చదువుతూ కూర్చున్నాను. వేపచెట్టునీడ గారి చివరి మాట నన్ను కదిలించింది. సీసం ప్లగ్గు మీదే ఒక తెలుగు కథ అల్లవచ్చు.

రాజమహేంద్రవరం, 1881. కాటన్ ఆనకట్ట పూర్తయి ముప్ఫై ఏళ్లు. రైలు ఇంకా రాలేదు, గోదావరి మీద రైలు వంతెన 1900 దాకా లేదు. రాకపోకలన్నీ కాలువల మీదే. ఇక్కడ కొంచెం ఊహ: పడవలను మనుషులు గట్టు మీద తాడు కట్టి లాగే బదులు, ధవళేశ్వరం కార్ఖానా కాలువలన్నిటినీ ఆవిరి పడవలతో నింపేసింది. ఒక రాత్రి ఒక పడవ బాయిలరు పేలి ఫిట్టరు చనిపోయాడు. నీళ్లు చూసుకోలేదు, తప్పు చనిపోయినవాడిదే అని దొరలు దస్త్రం మూసేశారు.

అతని చెల్లెలు బాల వితంతువు. తండ్రి దగ్గర గడియారాలు బాగుచేయడం నేర్చుకుంది, అది ఇంటి నాలుగు గోడలు దాటని విద్య. అన్న సామాన్ల మూటలో ఆమెకు ఒక ప్లగ్గు దొరుకుతుంది.

బొగ్గుపొడి
ఆగండి, ఇది నేను చెబుతాను. ఆ ప్లగ్గులో సీసం లేదు. మొత్తం ఇత్తడి. నీళ్లు తగ్గినా కరగదు, ఆవిరి మంట మీద పడదు, ముందస్తు సూచనే ఉండదు. ఎవరో సీసం ప్లగ్గులు తీసేసి గట్టివి బిగించారు. అన్నకు అనుమానం వచ్చి తన పడవలోది ఒకటి విప్పి దాచాడు. ప్రస్తుతానికి మరో ఇత్తడిదే బిగించాడు, అసలుది తెచ్చి పెట్టేలోపు పడవను బలవంతంగా బయలుదేరదీశారు.

ఇంకొకటి. ఆమె గడియారాల మనిషి కాబట్టి మర చూసి పట్టేస్తుంది. సీసం ప్లగ్గయితే నడుమ రంధ్రం ఉండి అందులో సీసం పోసి ఉండాలి. తక్కెడలో వేస్తే బరువు కూడా తేడా వస్తుంది. సీసం ఇత్తడికన్నా బరువు కదా.

యుగంధర్_అభిమాని
భేష్. ఇది న్యాయమైన ఆధారం. ప్లగ్గు ఏమిటో మొదటి అధ్యాయంలోనే చెప్పేయాలి, అన్న చెల్లెలికి ఆటగా వివరిస్తున్నట్టు. హంతకుడు కార్ఖానా ఫోర్‌మన్, సందేహం లేదు.

రాతిరథం
హంతకుడు ఎందుకండీ? ప్లగ్గు కరిగితే పడవ ఆగిపోతుంది. బాయిలరు చల్లారాలి, కొత్త ప్లగ్గు బిగించాలి, మళ్లీ నీళ్లు కాగాలి. సరుకు ఆలస్యమైతే గుత్తేదారుకు జరిమానా. అందుకని అన్ని పడవల్లోనూ ఇత్తడివి పెట్టించాడు. ఎవరినీ చంపాలని కాదు, జరిమానా తప్పించుకోవాలని. దస్త్రం మూసిన దొరకు ఆ సంగతి తెలుసు. ఇప్పుడు ఇంకా ఎన్ని పడవలు అదే ప్లగ్గుతో తిరుగుతున్నాయన్నది ఆమె ముందున్న ప్రశ్న. మీకు సాహసం కూడా వచ్చింది చూడండి, రాత్రికి రాత్రి కాలువ వెంట ఒక్కో పడవనూ ఆపాలి.

కలంకారి
ప్రేమ నాకు వదిలేయండి. 1881 అని గోదావరిగట్టు గారు ఊరికే అనలేదు. ఆ ఏడు డిసెంబరులోనే వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించారు. పెళ్లికి వెళ్లినవాళ్లకు వెలి, వంటవాళ్లు దొరకరు, బావి దగ్గర నీళ్లు తోడుకోనివ్వరు.

అబ్బాయి తంతి కార్యాలయంలో గుమాస్తా. కింది లాకు (కాలువలో పడవలను దాటించే నీటి తలుపులు) దగ్గర పడవను ఆపమని తంతి కొట్టాలంటే అతని సాయం కావాలి. అధికారి అనుమతి లేకుండా కొడితే ఉద్యోగం పోతుంది. ఆమె అర్ధరాత్రి గడప దాటి ఒక మగవాడి దగ్గరికి వచ్చిందని తెలిస్తే ఆమె బతుకే పోతుంది. ఇద్దరూ ఒకే సంగతి గురించి మాట్లాడుతుంటారు, ఎవరి భయం వాళ్లది. చూపులు కలిసిన చోటుకన్నా ఇది గట్టి ప్రేమ సన్నివేశం. పెళ్లితో ముగించాలా అన్నది రాసేవారి ఇష్టం. నేనైతే అతను అడుగుతాడు, ఆమె ముందు కార్ఖానాలో ఉద్యోగం ఇప్పించమంటుంది.

ఉత్తరగాలి
తంతి బాగా కుదిరింది. ఏ పడవ ఏ లాకు దగ్గర ఎన్ని గంటలకు ఉంటుందో లెక్క కట్టే చిన్న పళ్లచక్రాల పెట్టెను ఆమె గడియారం విడిభాగాలతో చేసుకోవచ్చు. బాబేజ్ యంత్రమంత వద్దు, అరచేతిలో పట్టేది. చేత్తో తిప్పేదే!

యుగంధర్_అభిమాని
గుత్తేదారు సరే, దురాశ సరే. కానీ అన్నను ఆ రాత్రి బలవంతంగా ఎక్కించినది ఎవరు? ప్లగ్గు విప్పాడని తెలిసినవాడే కదా. నేను ఫోర్‌మన్‌ను వదిలేది లేదు.

రాతిరథం
గుత్తేదారు కబురు పెడితే ఫోర్‌మన్ ఎక్కించాడు. పంచుకోండి.

గోదావరిగట్టు
రెండూ ఉంచుతాను. మొదటి అధ్యాయం ఆదివారం కొత్త చర్చగా పెడతాను. బొగ్గుపొడి గారూ, పడవ ఇంజనులో గేజ్ గ్లాసు డ్రైవరు ఎదురుగా ఉంటుందా, పక్కకు ఉంటుందా? చీకట్లో దీపం ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక మొదటి పేరా దగ్గరే ఆగాను.

బొగ్గుపొడి
మంట వేసేవాడికి కనబడేలా, బాయిలరు ముఖం మీదే. దీపం గ్లాసు పక్కనే వేలాడదీయండి. గ్లాసు పగిలితే ఆవిరి ముఖాన కొడుతుంది, మీ ఫిట్టరును కాస్త ఓరగా నిలబెట్టండి.

వేపచెట్టునీడ
ఆదివారం లోపు ‘ది ఐరన్ డ్యూక్’ మొదలుపెడతాను. కలంకారి గారూ, మీరు క్షమించలేదన్న ఆ ఘట్టం ఏ అధ్యాయమో విడిగా సందేశం పంపండి, అది దాటేసి చదువుకుంటాను.